మేదస్సు పెరిగితే మేధస్సుకు ముప్పు

జ్ఞాపకశక్తికి ఏ లేహ్యం వాడాలని నన్ను అడిగేవారు చాలామంది. ఇంట్లో రోజూ ఏమి భుజిస్తున్నారని నేను ఎదురు ప్రశ్న వేస్తే వారికి నిరుత్సాహం కలుగుతుంది. మందు అడిగితే భోజనం సంగతి దేనికని వారి భావన. కాని వార్ధక్యంలో బుద్ధి నిలవాలంటే నలభయ్యో ఏటినుంచి కంచంలో వడ్డించుకునేదే మొదటి ఔషధమని నా నిశ్చితాభిప్రాయం.

మెదడు బరువు శరీరంలో నూటికి 2 వంతులే. అయినా విశ్రాంతిలో శరీరం వినియోగించే శక్తిలో సుమారు 20 వంతులు దానికే కావాలి. ఆ శక్తిని అందించేవి సన్నని రక్తనాళాలు. మధుమేహం, అధిక రక్తపోటు ఏళ్ల తరబడి అదుపు తప్పితే ఆ నాళాలు దెబ్బతింటాయి. కంటినీ మూత్రపిండాలనూ పాడుచేసే వ్యాధి మెదడును మాత్రం ఎందుకు విడిచిపెడుతుంది? నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో వృద్ధులను పరిశీలించి 1999లో ప్రకటించిన ఫలితాల ప్రకారం, మధుమేహం ఉన్నవారికి డిమెన్షియా అనే బుద్ధిక్షీణత వచ్చే అవకాశం ఇతరులకంటే దాదాపు రెట్టింపు. మన దేశంలో మధుమేహగ్రస్తుల సంఖ్య 10 కోట్లు దాటిందని 2023లో వెలువడిన జాతీయ సర్వే తెలిపింది. ఈ రెండింటినీ కలిపి చూస్తే రాబోయే కాలం ఎలా ఉండగలదో ఊహించవచ్చు.

ప్రమేహానికి కారణాలు చెబుతూ చరకసంహిత కదలక కూర్చోవడాన్నీ, అతినిద్రనూ, కొత్త ధాన్యాన్నీ, బెల్లపు వంటకాలనూ పేర్కొన్నది. ధీ, ధృతి, స్మృతి చెడి మనిషి చేసే అపచారాన్ని ప్రజ్ఞాపరాధమన్నది. తెలిసి తెలిసి అపథ్యం భుజించడం అటువంటిదే.

బ్రాహ్మిని గాని, సరస్వతి ఆకును గాని నేను తక్కువ చేయడం లేదు. సరస్వతి ఆకు పచ్చడి అన్నంలో కలుపుకుంటే మంచిదే. కాని లేహ్యాలలో అధికభాగం పంచదార లేదా బెల్లం పాకంతో తయారయ్యేవే. మధుమేహం ఉన్న పెద్దాయనకు మతిమరుపు తగ్గాలని ఉదయం సాయంత్రం చెంచాడు పాకం తినిపించడం ఏమి వైద్యం?

ఆహారమొక్కటే సర్వం అనడం కూడా పొరపాటే. మెదడుకు మేలైనదని పేరుపొందిన ఒక ఆహారపద్ధతిని అమెరికాలో 604 మంది పెద్దవారిపై మూడేళ్లు పరీక్షించి 2023లో ఫలితాలు ప్రకటించారు. కొద్దిగా తక్కువ తిన్న మరొక వర్గంతో పోలిస్తే చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఫిన్లండ్‌లో మాత్రం 60 నుండి 77 ఏళ్ల మధ్య వయస్కులు 1260 మందిని ఎన్నుకొని, వారిలో సగం మందికి ఆహారం, వ్యాయామం, బుద్ధికి పని, రక్తపోటు వంటివాటిపై నిఘా, ఈ నాలుగూ కలిపి రెండేళ్లు అమలుచేశారు. వారి బుద్ధిశక్తికి మేలు జరిగినట్లు 2015లో వెల్లడించారు. ఆహారంతోపాటు విహారం అని మన పెద్దలు జంటగా చెప్పడంలోని ఔచిత్యం ఇదే.

మన కంచంలో అన్నం కొండంత, కూర గోరంత. దీనిని తారుమారు చేయాలి. ధాన్యాలనుంచి లభించే శక్తి నూటికి 45 వంతులు మించరాదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో సూచించింది. కాబట్టి పాలిష్ బియ్యపు అన్నం తగ్గించి పప్పు, ఆకుకూరలు, కాయగూరలు పెంచాలి. జొన్నరొట్టె, రాగిసంకటి మంచివే అయినా వాటికీ మితం అవసరం. కాఫీలో పంచదార మానడం, భోజనానంతరం కొంతసేపు నడవడం ఖర్చులేని పనులు.

ఒక హెచ్చరిక. మతిమరుపు కనిపించగానే వయసు మీద పడిందని ఊరుకోరాదు. బి12 విటమిన్ లోపం వల్లనూ, థైరాయిడ్ మందగించడం వల్లనూ జ్ఞాపకశక్తి తగ్గవచ్చు. రక్తపరీక్షతో అవి తెలుస్తాయి, చికిత్సకు లొంగుతాయి. మెట్‌ఫార్మిన్ దీర్ఘకాలం వాడేవారిలో బి12 తగ్గే అవకాశముంది. అంతమాత్రాన వైద్యుని సలహా లేకుండా మందులు మానరాదు. చక్కెర మాత్ర వేసుకున్న వృద్ధులు భోజనం తప్పించడమూ ప్రమాదకరమే.

మన ఇళ్లలో పెద్దాయనకు పథ్యం, తక్కినవారికి విందు. ఈ పద్ధతి మారాలి. ఇంటికంతటికీ ఒకే వంట, ఒకే మితం ఉండాలి. తండ్రి మతిమరుపుకు మందు వెదికే నలభయ్యేళ్ల కుమారుడు ముందుగా తన నడుము కొలుచుకోవాలి.