అమావాస్య నాడు సముద్రం దాటితే ఏమవుతుంది?

నేను ఉండేది సూరత్‌లో, ఖటోదరా పారిశ్రామిక వాడ పక్కన. పవర్‌లూముల చప్పుడు ఆగితే నిద్ర పట్టని చోటు. తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఈ ఊళ్లో చాలా ఉన్నాయి. వాళ్లు గుజరాతీ నేర్చుకున్నారు, పిల్లల్ని ఇక్కడే చదివించుకున్నారు. కానీ గోడ మీద క్యాలెండర్ మాత్రం ఇప్పటికీ ఊరి నుంచే తెప్పించుకుంటారు. ఈ వ్యాసం ఆ క్యాలెండర్ గురించే.

2023 చలికాలంలో నాకు భావనగర్‌లో నాలుగు రోజుల పని పడింది. అక్కడ తిరగడానికి బైకు కావాలి. రోడ్డున పోతే ఖంభాత్ సింధుశాఖ మొత్తం చుట్టి రావాలి. 2020 నవంబర్ 8న హజీరా నుంచి ఘోఘాకు రో-పాక్స్ ఫెర్రీ మొదలైంది. లారీలు, కార్లు, బైకులు నేరుగా ఓడలోకి ఎక్కుతాయి. 370 కిలోమీటర్ల దూరం 90కి తగ్గుతుందనీ, పది పన్నెండు గంటల ప్రయాణం నాలుగు గంటలకు వస్తుందనీ ప్రారంభోత్సవం నాడు ప్రభుత్వం చెప్పింది. సరే, బైకుతో ఓడెక్కుదాం అనుకున్నాను. అంతకుముందు ఎప్పుడూ ఎక్కలేదు. పైగా రాత్రి ప్రయాణం.

నాకు వరుసకు మామ అయ్యే పెద్దాయన ఒకరున్నారు. ముప్ఫై ఏళ్లకు పైగా మగ్గాల మీద బతికిన మనిషి. విషయం చెప్పగానే క్యాలెండర్ దగ్గరికి నడిచాడు.

"ఏం అల్లుడా, అమాస నాడు సముద్రం దాటుతవా? ఆ రోజు ఊళ్లె గడప దాటరు."

"అమావాస్య అయితే ఏంది మామా?"

"నవ్వకు. అమాసకు, పున్నానికి సముద్రం పొంగుతదని మీ సైన్సోళ్లే చెప్తరు గద. సముద్రాన్నే గుంజే చంద్రుడు మనిషిని గుంజడా? మన ఒంట్ల ఉన్నది నీళ్లే గద!"

మిత్రులారా, ఈ వాదన మా మామ సొంతం కాదు. టీవీలో కూర్చునే జ్యోతిష్కులు ఇదే చెబుతారు. ఇంజనీరింగ్ చదివినవాళ్లు కూడా దీనికి తల ఊపడం చూశాను. అందుకే నవ్వి వదిలేయకుండా సమాధానం చెప్పాలి. ఎందుకంటే ఇందులో మొదటి సగం నిజం.

అమావాస్యకూ పౌర్ణమికీ పోటు ఎక్కువే. ఆ రోజుల్లో సూర్యుడు, చంద్రుడు, భూమి దాదాపు ఒకే వరుసలోకి వస్తాయి. సూర్యుడి వల్ల వచ్చే పోటు చంద్రుడి వల్ల వచ్చేదానిలో సగం కన్నా కొంచెం తక్కువ. రెండూ కలిసినప్పుడు పెద్ద పోటు, అష్టమి ప్రాంతంలో చిన్న పోటు. విశాఖలో పెద్ద పోటుకూ ఆటుకూ మధ్య తేడా ఒకటిన్నర మీటరు ఉంటుంది. అదే భావనగర్ దగ్గర పది మీటర్ల దాకా పోతుంది. సింధుశాఖ గరాటులా లోపలికి పోయేకొద్దీ ఇరుకవుతుంది, లోతు తగ్గుతుంది. లోపలికి తోసుకొచ్చిన నీళ్లకు పక్కకు పోయే దారి లేదు, పైకి లేస్తాయి.

మరి రెండో సగం? సముద్రాన్ని లాగే చంద్రుడు మనిషిని లాగడా?

పోటు రావడానికి కారణం చంద్రుడు లాగడం ఒక్కటే కాదు. భూమికి ఈ పక్కన ఎంత లాగుతున్నాడు, ఆ పక్కన ఎంత లాగుతున్నాడు అన్న తేడా. భూమి వ్యాసం పన్నెండు వేల ఏడువందల కిలోమీటర్లకు పైమాటే. అంత దూరం మీద కూడా ఆ తేడా మన బరువులో కోటిలో ఒక వంతు ప్రాంతంలోనే ఉంటుంది. సముద్రమంత విశాలమైన నీరు ఉంటే తప్ప ఆ చిన్న తేడా కూడి పోటు కాదు. ఇక మనిషి పొడవు ఎంత? ఆరడుగుల లోపు. మన తలకూ కాలికీ మధ్య చంద్రుడి లాగుడులో తేడా మన బరువులో లక్ష కోట్లలో ఒక వంతు కూడా ఉండదు. నీళ్లుంటే చాలు పోటు వస్తుందనుకుంటే, మన ఊరి చెరువులో ఎందుకు రాదు? బావిలో, బిందెలో ఎందుకు రాదు? మామను ఇదే అడిగాను. కాసేపు ఆలోచించి "బాయిల రాదు, నిజమే" అన్నాడు. అంతలోనే "అయినా రాహుకాలం ఒకటుంది గద" అన్నాడు.

రాహుకాలం సంగతీ చూద్దాం. సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకా పగటిని ఎనిమిది భాగాలు చేసి, వారాన్ని బట్టి ఒక భాగాన్ని రాహువుకు ఇచ్చారు. అంటే లెక్కంతా స్థానిక సూర్యోదయం మీద ఉంది. కరీంనగర్‌కూ సూరత్‌కూ రేఖాంశంలో ఆరు డిగ్రీలకు పైగా తేడా ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున ఇక్కడ సూర్యుడు దాదాపు 25 నిమిషాలు ఆలస్యం. మా మామ ఇన్నేళ్లుగా కరీంనగర్ రాహుకాలాన్ని సూరత్‌లో పాటిస్తున్నాడు. మొదటి పాతిక నిమిషాలు అనవసరంగా ఆగాడు, చివరి పాతిక నిమిషాలు అసలు రాహుకాలంలోనే బయటికి పోయాడు. ఆయనకు ఏమీ కాలేదు. ఎవరికీ ఏమీ కాలేదు!

ఓడరేవులో వాడే పోటు వేళల పట్టికను దీని పక్కన పెట్టి చూడండి. అందులోనూ చంద్రుడే ఉన్నాడు, సూర్యుడే ఉన్నాడు. కానీ ప్రతి రేవుకూ విడి లెక్క. అది తప్పితే వెంటనే తెలుస్తుంది, ఓడ అడుగు బురదకు తగులుతుంది. ఇదే సింధుశాఖలో 2017లో మొదలైన ఘోఘా-దహేజ్ ఫెర్రీ నిలిచిపోయింది దహేజ్ దగ్గర పూడిక పెరిగి లోతు చాలకపోవడం వల్ల. రాహువు వల్ల కాదు. తప్పు చేస్తే బయటపడే లెక్కకూ, ఏం జరిగినా తప్పించుకునే లెక్కకూ తేడా ఇది. పంచాంగంలో తిథి గణితం, ఫలం కల్పన. రెండింటినీ ఒకే పుస్తకంలో కుట్టి అమ్ముతున్నారు కాబట్టి ఒకదాని గౌరవం ఇంకోదానికి దక్కుతోంది.

అమావాస్య నాడే బయలుదేరాను. వాహనాల డెక్కు ఇనుముది, తడిగా, అక్కడక్కడా నూనె మరకలతో ఉంది. మొదటి గేరులో, బ్రేకు గట్టిగా పట్టకుండా మెల్లగా ఎక్కాలి. సైడ్ స్టాండ్ వేశాను, బండిని గేరులోనే వదిలాను, తాడుతో కట్టమని అడిగి కట్టించుకున్నాను. నా పక్కన ఇంకో బైకుకు నిమ్మకాయలు, మిరపకాయలు వేలాడుతున్నాయి. దాన్నీ తాడుతోనే కట్టారు.

ఇంత రాసినవాణ్ణి ఒక సంగతి దాచకూడదు. చీకట్లో ఒడ్డు దీపాలు కనిపించకుండా పోయాక ఓడ కొంచెం ఊగింది. నాకు భయం వేసింది. మునుగుతానని కాదు. నాకేదన్నా అయితే మా మామ బతికినంతకాలం "నేను చెప్పలే?" అంటాడు, ఒక తరం ఆ మాట నమ్ముతుంది అని. క్షేమంగా చేరినవాళ్ల అమావాస్యలు ఎవరూ లెక్కపెట్టరు. చేరనివాడి అమావాస్య ఒక్కటి చాలు.

ఘోఘాకు క్షేమంగా చేరాను. అయితే అది కూడా రుజువు కాదు. మనవాళ్లు కొందరు రాహుకాలంలో పెళ్లి చేసుకుని, బండి కొని, "చూశారా, ఏమీ కాలేదు" అంటారు. ధైర్యానికి అది మంచిదే. కానీ ఒక్క అనుభవం చూపి గెలిచామంటే, ఒక్క ప్రమాదం చూపి వాళ్లూ గెలుస్తారు. మనం అడగాల్సింది వేరు. ప్రమాదాలు నిజంగా ఎందుకు జరుగుతున్నాయి?

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రూగ్ నుంచి డోవర్‌కు బయలుదేరిన హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఇలాంటి ఫెర్రీ నిమిషాల్లో ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. కారణం, ముందు తలుపులు తెరిచే ఉన్నాయి. మూయాల్సిన ఉద్యోగి నిద్రలో ఉన్నాడు. తలుపు మూశారో లేదో చెప్పే దీపం కెప్టెన్ దగ్గర లేదు. అడ్డుగోడలు లేని డెక్కు మీదికి నీళ్లు వచ్చాయి. పెద్ద పళ్లెంలో నీళ్లు పోసి మోసుకెళ్లి చూడండి, కొంచెం వంగితే నీళ్లన్నీ ఆ పక్కకే పోయి ఇంకా వంచుతాయి. ఓడకూ అదే జరిగింది. విచారణ జరిగింది. ఆ తర్వాత అంతర్జాతీయ నిబంధనలు మారి, ఆ దీపాలు తప్పనిసరి అయ్యాయి. ఈ రోజు రో-రో ఓడ ఎక్కేవాణ్ణి కాపాడుతున్నవాటిలో ఆ దీపం ఒకటి. ఏ కొబ్బరికాయా దానికి సాటి రాదు.

మన దగ్గర? 2017 నవంబర్ 12, కార్తీక మాసం, ఆదివారం. కృష్ణలో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా చనిపోయారు. వెళ్లింది హారతి చూడటానికి. నెల పుణ్యమాసం, చోటు పవిత్రం, పని దైవకార్యం. లేనివి పడవకు అనుమతి, ఒంటి మీద లైఫ్ జాకెట్లు. పోయినవాళ్లను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. పడవ ఎక్కేముందు ముహూర్తం చూడటం నేర్పిన సమాజం జాకెట్ అడగడం నేర్పలేదు, బాధ అది. మూఢనమ్మకం చేసే అసలు హాని ఇదే. రక్షణ ఉందనే తృప్తినిచ్చి, రక్షణ గురించి అడగకుండా చేస్తుంది.

కాబట్టి మీరు ఎప్పుడైనా పడవ ఎక్కితే నాలుగు ప్రశ్నలు అడగండి. అనుమతి ఉందా? ఎంతమందికి ఉంది, ఎంతమందిని ఎక్కించారు? జాకెట్ ఎక్కడుంది? నా బండిని కట్టారా? సమాధానం నచ్చకపోతే దిగిపోండి, అది దశమి అయినా సరే.

తిరిగొచ్చాక మామ బండి చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు. "మళ్లెప్పుడన్న పోతే చెప్పు, నేను గూడ వస్త. అమాస గాకుంట చూడు" అన్నాడు. సరేనన్నాను. ఆయనకు లైఫ్ జాకెట్ ఎక్కడుంటుందో ముందు చూపిస్తాను, పోటు వేళల పట్టిక తర్వాత.