రాతి మాట, కాగితం మాట

మొన్నటి ఆదివారం చీరాల నుంచి నా దోస్తు వచ్చిండు. ఉస్మానియా హాస్టల్‌లో ఒకే రూములో రెండేండ్లు ఉన్నోళ్లం. 2009 డిసెంబర్‌లో వాడు పెట్టె సదురుకొని ఊరికి పోయినంక మేమిద్దరం ఎదురెదురుగ కూసొని మాట్లాడుకున్నది లేదు. పెండ్లి పత్రికలు, పండుగ మెసేజులు తప్ప. పొద్దుగాల వరంగల్ స్టేషన్‌లో రైలు దిగంగనే వాడు అడిగిన మొదటి మాట, "ఏరా, మీ కోట చూపిస్తావా?"

"మీ కోట" అన్న మాట చెవిలో పడ్డది. ఆ రోజుల్లోనైతే ఆ ఒక్క మాట పట్టుకొని తెల్లారేదాక కొట్లాడేటోళ్లం. ఇప్పుడు ఇద్దరి నెత్తి మీద తెల్లవెంట్రుకలు వస్తున్నయి. నవ్వి ఆటో ఎక్కినం.

స్టేషన్ నుంచి ఖిలా వరంగల్ ఎంతో దూరం లేదు. ముందు మట్టి కోట, దాని కందకం. లోపలికి పోతే రాతి కోట, 45 బురుజులు. గణపతిదేవుడు మొదలువెట్టిండు, బిడ్డ రుద్రమ పూర్తి చేసింది. కోట లోపల ఇప్పటికీ ఊరున్నది, పొలాలున్నయి. బురుజు నీడకు బర్లు మేస్తుంటయి. "రాజుల కోట అంటే అద్దాల పెట్టెలో ఉంటుందనుకున్నాను, ఇదేంట్రా, జనం కాపురాలు చేస్తున్నారు" అన్నడు వాడు. కోట బతికున్నదంటే అట్లనే ఉంటదిరా అన్న.

నడుమ నాలుగు దిక్కులకు నాలుగు కీర్తి తోరణాలు. అక్కడ ఉండె స్వయంభూ శివాలయం 1323లో ఢిల్లీ సైన్యం చేతిలో కూలింది. గుడి కూలింది, తోరణాలు నిలిచినయి. చెక్కిన స్తంభాలు, దూలాలు, నందులు నేల మీద వరుసగ పండవెట్టి ఉన్నయి. వాటి నడుమ నడుస్తుంటే ఎవరి కడుపైనా తరుక్కుపోతది. ఆ తోరణమే 2014లో మన రాజముద్రలోకి ఎక్కింది. 2024లో దాన్ని తీసేస్తరన్న మాట వచ్చినప్పుడు ఇదే ఓరుగల్లులో నిరసనలు లేచినయి. అప్పుడు ఆ మార్పు ఆగింది. ఇదంత మావోనికి చెప్పుకుంట పోతున్న, కొంచెం గర్వంగనే.

వాడు తోరణం కింద నిలవడి తాపీగ అన్నడు. "గణపతిదేవుడు మీకొక్కరికే రాజు కాదురా. మోటుపల్లి మా ఊరికి దగ్గరే. అక్కడ వీరభద్రుడి గుళ్లో ఆయన శాసనం ఉంది. చిన్నప్పుడు ఆ స్తంభం చుట్టూ ఆడుకున్నాం."

నాకు నోట మాట రాలె. ఓరుగల్లు మాదని ఇన్నేండ్లు ఉపన్యాసాలిచ్చినోన్ని. ఓరుగల్లు రాజు ఇచ్చిన మాట రాతి మీద చెక్కి ఉన్నది మాత్రం వాని ఊరి పక్కన.

ఆ శాసనం సంగతి చదువుకున్నోళ్లకు ఎరుకే. 1244-45 నాటిది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల మీది సొమ్మునంత పాత రాజులు గుంజుకునేటోళ్లు. గణపతిదేవుడు అట్ల చేయనని అభయమిచ్చిండు. నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేం ముట్టనన్నడు. ఆ సుంకం 30 వంతుల్లో ఒక వంతు. ఆపదలో ఉన్నోని సొమ్ము తినొద్దన్న ఇగురం ఉన్న మాట. దాన్ని చెవిలో చెప్పలేదు, దస్త్రంలో దాచలేదు. రేవులో దిగిన ప్రతోని కండ్లవడేటట్టు రాతి మీద చెక్కించిండు.

రాతి నీడలో కూసొని ఆలోచిస్తే నాకు యాదికొచ్చింది ఇంకో మాట. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో పెద్దమనుషులు సంతకాలు పెట్టిన ఒప్పందం. ముఖ్యమంత్రి ఒక ప్రాంతమోడైతే ఉప ముఖ్యమంత్రి ఇంకో ప్రాంతమోడు అన్నరు. తొలి మంత్రివర్గంలోనే ఆ పదవి లేకుండ పోయింది. తెలంగాణ మిగులు తెలంగాణకే అన్నరు. కొలువులు స్థానికులకే అన్నరు. అది కాగితం మీదనే ఉన్నది కనుకనే 1969లో పిల్లలు రోడ్ల మీదికొచ్చిండ్రు, తూటాలకు ఒరిగిండ్రు. 1985 డిసెంబర్ 30న 610 జీవో వచ్చింది. అక్రమంగ చేరినోళ్లను 1986 మార్చి 31 లోపల వెనుకకు పంపాలె అన్నది. ఆ గడువు ఎన్నేండ్లు సాగిందో ఉద్యోగులకు నేను చెప్పనక్కర లేదు.

ఈ లెక్కంత నేను ఆవేశంగ అప్పజెప్పుతుంటే వాడు ఆపిండు. "ఫిబ్రవరి 20 అన్నావు కదా. 2014లో కూడా అదే తారీఖు. ఆ రోజు రాజ్యసభలో ప్రధాని మాకు అయిదేళ్లు ప్రత్యేక హోదా అన్నాడు. మీకు కాగితమైనా దొరికింది. మాకు నోటి మాటే. చట్టంలో లేదు. 2016లో హోదా కాదు, ప్యాకేజీ అన్నారు."

అదే తారీఖు! యాభై ఎనిమిదేండ్ల తేడాతో రెండు మాటలు. మొదటి దానికి మనం మోసపోయినం, రెండోదానికి వాళ్లు. ఉద్యమంలో మేం ఎన్నడు చీరాల నేతన్నను తిట్టలె, ఒంగోలు రైతును తిట్టలె. మాట తప్పిన పాలకులను తిట్టినం. కానీ 2009 డిసెంబర్‌లో మా హాస్టల్‌లో ఆ తేడా అందరికీ సోయిలో ఉండెనా? మావోడు పెట్టె సదురుతుంటే నేను వాకిట్ల నిలవడ్డ. "ఉండురా" అనలె. ఆ సంగతి కోటలోనే చెప్పిన. వాడు చానాసేపు ఏమనలె. ఆఖరికి, "నువ్వు ఉండమన్నా ఆ రోజు ఉండేవాణ్ని కాదులే" అన్నడు. అది క్షమించినట్టో కాదో నాకు ఇప్పటికీ తెల్వదు.

ఇగ మన సంగతి చూద్దాం. పునర్విభజన చట్టం పదమూడో షెడ్యూల్ తీసి చదువుండ్రి. తెలంగాణలో రైలు కోచ్ ఫ్యాక్టరీ పెట్టొచ్చునా అని ఆరు నెలల్లో పరిశీలించాలె అన్నరు. ఖమ్మం జిల్లాలో ఉక్కు కర్మాగారం సాధ్యమా అని పరిశీలించాలె అన్నరు. పెట్టాలె అని రాయలె, పరిశీలించాలె అని రాసిండ్రు. ఒక్క మాటలో ఎంత జాగ ఉన్నదో! కాజీపేటలో వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన జరిగింది 2023 జులైలో. ములుగు గిరిజన విశ్వవిద్యాలయానికి పార్లమెంటులో చట్టం వచ్చింది 2023 డిసెంబర్‌లో. బయ్యారం ఉక్కు పదేండ్లు దాటినా మాటల కాడనే ఉన్నది.

ఢిల్లీని అంటే సరిపోదు. మన ఇంట్లో మనమిచ్చుకున్న మాటల సంగతేంది? నీళ్లు, నిధులు, నియామకాలు అని గొంతులు పగిలేటట్టు మొత్తుకున్నం. సొంత రాష్ట్రంలో తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది 2022 ఏప్రిల్‌లో, 503 కొలువులకు. ప్రిలిమ్స్ పెట్టిండ్రు, పేపర్ లీకయి 2023 మార్చిలో రద్దు చేసిండ్రు. జూన్‌లో మళ్ల పెట్టిండ్రు, సెప్టెంబర్‌లో హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో కొత్త నోటిఫికేషన్. అశోక్‌నగర్ గదుల్లో ఆ పిల్లలు పోగొట్టుకున్న ఏండ్లను ఏ ఆంధ్ర పాలకుని ఖాతాలో రాస్తం?

కాకతీయులను దేవుళ్లను చేయమని నేను అంటలేను. మేడారం గద్దెల కాడ మన ఆదివాసులు చెప్పుకునే కథలో కప్పం కోసం దండెత్తినోళ్లు కాకతీయులే. సమ్మక్క వాళ్ల మీద కొట్లాడింది. తోరణానికి దండం వెడుతూ ఆ కథను మరుస్తే మనం సగం చరిత్రనే మోసినట్టు. రాజు గొప్పోడని కాదు, ఇచ్చిన మాటను పదిమంది చూసేటట్టు బయటపెట్టిండు కనుక యాది చేస్తున్న.

విద్యార్థులారా, ఉద్యోగులారా, మన కొట్లాట ముగిసిందని ఎవరన్న అంటే నమ్మకుండ్రి. ఏ మాటకైనా గడువేది, బాధ్యుడెవరు, చట్టంలో ఏ పదం రాసిండ్రు అని అడుగుండ్రి. "పరిశీలిస్తం" అన్న చోట "ఎప్పటిదాక" అని నిలదీయుండ్రి. ఇచ్చిన హామీలను తారీఖులతో సహా ప్రతి మండల ఆఫీసు గోడకు రాయించేదాక ఊకోవద్దు. పక్క రాష్ట్రంలో ఇదే ప్రశ్న అడిగేటోడు మనకు పగోడు కాదు, తోటోడు.

పొద్దుగూకినంక మావోన్ని రైలెక్కించిన. కిటికీలోంచి, "ఈసారి నువ్వు రా, మన శాసనం చూపిస్తాను" అన్నడు. పొద్దుగాల "మీ కోట" అన్నోడు మాపటికి "మన శాసనం" అన్నడు. రాష్ట్రాలు రెండైనయి, మంచిదే అయింది. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఒక్కటే మిగిలింది.

జై తెలంగాణ.