కాలువగట్టు బాటకు తారు వద్దు, సైకిలు ముద్దు

అయ్యా,

సంక్రాంతి సెలవుల్లో సింధనూరు, మాన్వి, సిరవార ప్రాంతాల తెలుగు క్యాంపుల నుండి కుర్రవాళ్లు నలుగురైదుగురు కూడి సైకిళ్లమీద విహారానికి బయలుదేరడం కనిపిస్తున్నది. సంతోషించవలసిన విషయమే. అయితే వారు ఎంచుకొనే దారి సంతోషించదగినది కాదు. సింధనూరు–రాయచూరు పెద్దరోడ్డు మీద, బియ్యపు మిల్లులకు పోయే వడ్ల లారీల మధ్య, దుమ్ము మింగుతూ పోతున్నారు. ఆ రోడ్డుకు పక్కనే, లారీ అన్నది తొంగిచూడని మొరం బాటలు ఎన్నో ఉన్నవి. వాటిని గురించి, వాటిని ఎట్లా వాడుకోవాలో, ఎట్లా కాపాడుకోవాలో నాలుగు మాటలు తమ పత్రిక ద్వారా మనవి చేసుకొంటున్నాను.

ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, నడుమ మన రాయచూరు సీమ. ఈ అంతర్వేది కోసం రాజులు ఎన్ని యుద్ధాలు చేశారో చరిత్ర చదివినవారికి తెలుసు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఇస్మాయిల్ ఆదిల్షాను ఓడించింది ఇక్కడనే. అంతకు పూర్వం 1294లో కాకతీయుల సామంతుడు గోన గన్నయరెడ్డి తరఫున విఠలనాథుడు రాయచూరు కోట కట్టించినట్లు నలభై అడుగులకు పైబడిన ఏకశిల మీద శాసనం ఉన్నది. ఆ పెద్దరాతిని బండిమీద లాగుకొని వచ్చే దృశ్యం కూడా అక్కడ చెక్కారు. ఇంత చరిత్ర గల సీమలో పుట్టి పెరిగిన మన పిల్లలు, పక్క తాలూకాలోని ఊరిని కూడా బస్సు కిటికీలోనుంచి తప్ప ఎరగకపోవడం విచారకరం. 

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తి అయినది. గుంటూరు, కృష్ణా, గోదావరి ప్రాంతాల నుండి మన పెద్దలు వచ్చి, నల్లరేగడి చదును చేసి, క్యాంపులు వేసుకొన్నది ఎడమకాలువ నీటిని నమ్ముకొనే. దాదాపు 227 కిలోమీటర్ల పొడవున్న ఆ కాలువ గట్టున, డిస్ట్రిబ్యూటరీల గట్లపైన, తనిఖీ కోసం వేసిన మొరం బాట ఉన్నది. ఆ బాట మీదనే మొదటి తరంవారు నీటివంతు చూచుకోవడానికి, ఒక క్యాంపు నుండి మరొక క్యాంపుకు పెళ్లిపిలుపులకు, సైకిళ్లమీద తిరిగేవారు. కనుక ఇది మనకు కొత్త సరదా కాదు, మరచిపోయిన అలవాటు.

ప్రయాణానికి దారి ఏర్పరచుకోవడంలో మొదటి సూత్రం ఒక్కటే. దగ్గర దారి వెదకవద్దు, లారీ లేని దారి వెదకాలి. మంచి తారురోడ్డు కనబడితే దాని వెంట లారీ కూడా ఉంటుందని గ్రహించాలి. శక్తినగర్ విద్యుత్కేంద్రం వైపు పోయే రోడ్డు, రాయచూరు నుండి మాధవరం వంతెన మీదుగా మంత్రాలయం పోయే రోడ్డు, యాత్రికుల వాహనాలతోను సరుకు బండ్లతోను నిండి ఉంటవి. వాటిని దాటవలసివస్తే దాటాలి గాని వాటి వెంట పోరాదు. ఊరికీ ఊరికీ మధ్య పొలాలకు పోయే బండిబాటలు, కాలువగట్లు, ఏటిఒడ్డు గ్రామాల రోడ్లు కలుపుకొంటూ పోవాలి. అందువల్ల పది కిలోమీటర్లు ఎక్కువైతే కావచ్చును. ప్రాణానికి సుఖం.

నాకు తోచిన మూడు దారులు చెబుతాను.

ఒకటి, తుంగభద్ర ఒడ్డు దారి. మాన్వి తాలూకాలో రాజోలిబండ ఆనకట్ట ఉన్నది. నిజాం ప్రభుత్వం 1946 ప్రాంతంలో పని ఆరంభించగా, రాష్ట్రాలు విడిపోయిన కాలానికి పూర్తి అయినది. దీని కాలువ మన జిల్లాలో 40 కిలోమీటర్లకు పైగా నడిచి తెలంగాణలో ప్రవేశించి, గద్వాల, అలంపురం ప్రాంతాల్లో 87,500 ఎకరాలకు నీరివ్వడానికి ఉద్దేశించినది. ఒక ఆనకట్ట, రెండు రాష్ట్రాలు, ఎడతెగని నీటి తగవు. పిల్లలకు పాఠ్యపుస్తకం చెప్పలేనిది ఆ గట్టుమీద గంటసేపు నిలబడితే తెలుస్తుంది. అక్కడినుండి ఏటి ఒడ్డు గ్రామాల మీదుగా గాణధాళ పంచముఖి ఆంజనేయుని గుడి, అప్పణాచార్యులవారి బిచ్చాలి చూడవచ్చును. ఒక్కరోజులో ముగించాలని పట్టుపట్టకుండా, రెండు రోజులు పెట్టుకొని మధ్యలో బసచేయడం మేలు.

రెండవది, కృష్ణ ఒడ్డు దారి. రాయచూరు నుండి పల్లెల మీదుగా ఆత్కూరు చేరి, సైకిళ్లు ఒడ్డున తెలిసినవారికి అప్పగించి, పుట్టిలో దాటితే శ్రీపాద శ్రీవల్లభుల కురవపురం. నీరు తగ్గి ప్రవాహం నిమ్మళించిన రోజుల్లోనే ఈ ప్రయాణం. వరద రోజుల్లో పుట్టి ఎక్కడం భక్తి కాదు, సాహసమూ కాదు, తెలివితక్కువ.

మూడవది లింగసుగూరు వైపు. మస్కి కొండవద్ద అశోకుని శాసనం ఉన్నది. 1915లో బీడన్ అనే బంగారు గనుల ఇంజనీరు దానిని కనుగొన్నాడు. దేవానాంప్రియుడు అంటే అశోకుడే అని పండితులకు రూఢి అయినది ఆ రాతి వల్లనే. అక్కడినుండి కృష్ణ నడుమనున్న జలదుర్గం కోట వైపు పోవచ్చును. కాని నారాయణపుర జలాశయం గేట్లు బాగా ఎత్తినప్పుడు శీలహళ్లి వంతెన మునిగి, అవతలి ఊళ్లకు రాకపోకలే నిలిచిపోతవి. బయలుదేరేముందు నీటి సంగతి విచారించక తప్పదు.

ఇక కాలం సంగతి. చైత్ర వైశాఖాల్లో రాయచూరు ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ఈ మాట తలపెట్టనే కూడదు. వానకాలంలో నల్లరేగడి బాట సైకిలుకు శత్రువు. టైరుకు అంటుకొన్న మట్టి మడ్గార్డులో ఇరుక్కొని చక్రం తిరగదు, చివరకు సైకిలే మన భుజమెక్కుతుంది. మొరం బాట వాన వెలిసిన రెండో రోజుకే నడవడానికి పనికివస్తుంది, రేగడికి వారం పట్టవచ్చును. కార్తీకంలో కోతలు. గట్లమీద కోతయంత్రాలు, ట్రాక్టర్లు, ఆరబోసిన వడ్లు. ఆ వడ్లమీదుగా సైకిలు పోనిచ్చినవాడిని రైతు నాలుగు మాటలన్నా తప్పులేదు. కోతలు ముగిసిన పుష్య మాఘాలే అనువైన కాలం. చలిగాలి తూర్పునుండి వీచే రోజుల్లో పొద్దున గాలికి ఎదురు పోయి, మధ్యాహ్నం గాలి వెంట తిరిగివచ్చేటట్లు దారి పెట్టుకోవాలి. అలసిన కాళ్లకు ఆ గాలే సాయం.

మొరం మీద గంటకు పది పన్నెండు కిలోమీటర్లు సాగితే చాలు. పిల్లలతో పోయేవారికి రోజుకు ముప్పై కిలోమీటర్లు దండిగా సరిపోతవి. వెడల్పు టైర్లు, కొంచెం తగ్గించిన గాలి, రెండు ట్యూబులు, పంక్చరు సామాను, గాలిపంపు, పానా, తలకు రెండు లీటర్ల మంచినీళ్లు ఉండాలి. మన గట్లనిండా సర్కారు తుమ్మ. ఆ ముల్లుకు ఖరీదైన సైకిలనీ చవక సైకిలనీ భేదం లేదు. ఇంకొక హెచ్చరిక. కాలువ నీరు నిమ్మళంగా కనిపించినా లోతు ఎక్కువ, ఒడ్డు జారుడు. స్నానానికని, చేతులు కడుక్కోవడానికని పిల్లలను దిగనీయకూడదు. గట్టుమీద పక్కపక్కన కాక ఒకరివెనుక ఒకరు పోవాలి. చీకటిపడేలోపల ఊరు చేరాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. కాలువగట్లకు తారు వేయించి రోడ్లు చేయాలని క్యాంపుల్లో కొందరు పెద్దలు అంటున్నారు. పంట ఇంటికి చేర్చుకోవడం సులువవుతుందని వారి వాదం. పొలానికి దారి కావాలనడం న్యాయమే. దానికి ఊరిరోడ్లు బాగుచేయమని అడుగుదాము. కాని గట్టుమీద తారు పడిననాడు అది మన ట్రాక్టరుతో ఆగదు. టోలు తప్పించుకొనే లారీ, రాత్రిపూట ఇసుక లారీ దానివెంట వస్తవి. గట్టు మట్టితో పోసినది, బరువులకోసం కట్టినది కాదు. గండి పడితే ముందు ఎండేది చివరి ఆయకట్టు. మాన్వి, రాయచూరు తాలూకాల రైతులకు నీరందని బాధ ఈనాటికీ తీరలేదు.

ఇటువంటి తగాదా అమెరికాలో 1954లో వచ్చినది. వాషింగ్టన్ నుండి కంబర్లాండ్ వరకు దాదాపు 300 కిలోమీటర్ల పాత పడవల కాలువ ఒకటి ఉన్నది. దాని గట్టును మోటారు రోడ్డు చేయాలని ఒక పత్రిక సంపాదకీయం వ్రాసింది. సుప్రీంకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లస్ ఆ సంపాదకులకు ఉత్తరం వ్రాసి, ఒకసారి తనతో ఆ గట్టుమీద నడచి చూడమన్నాడు. వారు వెళ్లారు, నడిచారు, అభిప్రాయం సడలించుకొన్నారు. 1971లో ఆ కాలువ జాతీయ చారిత్రక ఉద్యానమైనది. నేడు ఆ మట్టిబాట మీద సైకిళ్లు నడుస్తున్నవి. సంపాదకునికి వ్రాసిన ఒక ఉత్తరం ఇంతపని చేయగలదని తెలిసే ఈ సాహసం చేస్తున్నాను.

గట్టుమీదికి జనాన్ని రానిస్తే ప్రమాదాలు, నీటిచౌర్యం పెరుగుతవని నీటిపారుదల శాఖవారికి భయం ఉండవచ్చును. అది కొట్టివేయదగినది కాదు. అందుకే హక్కు అడగడం లేదు, పగటిపూట సైకిలుకు మాత్రమే అనుమతి అడుగుతున్నాను. సైకిలు బరువుకు గట్టు దిగిపోదు. పైగా పదిమంది నిత్యం తిరిగే గట్టుమీద చిన్న బుంగ పడినా ముందుగా తెలుస్తుంది. లస్కరు ఒక్కడే ఎన్ని మైళ్లు చూడగలడు?

నా కోరికలు నాలుగు. గట్టు బాటలకు తారు వేయక, మొరం పరచి దిమ్మిస కొట్టించాలి. మోటారు బండ్లు జొరబడకుండా, సైకిలు మాత్రం దూరేటట్లు మొదట్లో రాతిస్తంభాలు పాతాలి. తూముల వద్ద, వంతెనల వద్ద కమ్మీలు, లోతు తెలిపే బోర్డులు కన్నడ, తెలుగు రెండు భాషల్లోను పెట్టాలి. ఇక మన యువజన సంఘాలవారు ఒక్కొక్క సెలవుకు ఒక్కొక్క దారి తిరిగి చూచి, నీళ్లెక్కడ, నీడెక్కడ, పంక్చరు కొట్టెక్కడ అన్నది గుర్తించి ఒక పటం గీయాలి. పటం గీసేటప్పుడు కన్నడ పల్లెల పెద్దలను అడగాలి. సింధనూరు తాలూకాలో బెంగాలీ కాందిశీకుల క్యాంపులవారినీ అడగాలి. బాట అందరిదీ.

కర్ణాటక ప్రభుత్వం 2006–07 మొదలు ఎనిమిదవ తరగతి పిల్లలకు పంచిన సైకిళ్లు ఎన్నో ఇళ్ల వెనుక తుప్పుపట్టి ఉన్నవి. వాటికి నూనె వేస్తే చాలు, ఈ పనికి ఖరీదైన బండ్లు అక్కరలేదు. అధికారులు, మన పెద్దలు ఈ విషయం ఆలోచించాలని ప్రార్థన. 

భవదీయుడు,
ఒక పాతకాపు
సింధనూరు తాలూకా, రాయచూరు జిల్లా