మాట మనది, మనిషి ఏడి?

సినిమాల గురించి ఈ పత్రికలో రాయవలసిన అవసరం ఏమిటని కొందరు పెద్దలు అడగవచ్చు. మన పిల్లలు చూస్తున్నారు కనుక రాయాలి. పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం ప్రాంతాల్లో వారమంతా షిఫ్టుల్లో నలిగిన యువకుడికి దొరికే వినోదం చాలావరకు సినిమాయే. థియేటరుకు వెళ్లకపోతే గదిలో పడుకొని ఫోనులో చూస్తాడు. మనం వద్దన్నంత మాత్రాన మానడు. కనుక అతను చూస్తున్నదేమిటో మనమూ తెలుసుకొని మాట్లాడడం మేలు.

పాశమైలారంలో ఒక మందుల కర్మాగారంలో పనిచేసే నా మేనల్లుడు మొన్నొక సెలవు రోజున ‘ఇస్మార్ట్ శంకర్’, ‘డబుల్ ఇస్మార్ట్’ సినిమాలను ఒకదాని వెంట ఒకటి నాకు చూపించాడు. పూరి జగన్నాథ్ దర్శకత్వంలో రామ్ పోతినేని కథానాయకుడిగా మొదటిది 2019 జూలై 18న, రెండోది 2024 ఆగస్టు 15న విడుదలయ్యాయి. మొదటిది బాగా ఆడింది, రెండోది నిలబడలేదు. ఎందుకు నిలబడలేదన్న ప్రశ్నకు కథ పాతబడిందని, హాస్యం మోటుగా ఉందని చాలామంది జవాబు చెప్పారు. రెండూ నిజమే. అయితే మన వైపు నుంచి చూస్తే మరో కారణం కనిపిస్తుంది.

ముందుగా ఒక మాట. అసలు సినిమాను నేను ఆదర్శంగా నిలబెట్టడం లేదు. కుటుంబమంతా కూర్చొని చూడదగిన చిత్రం కాదది. ఆడపిల్ల పట్ల కథానాయకుడు మాట్లాడే తీరు ఏ మతం వారికైనా ఏవగింపు కలిగిస్తుంది. అయినా దానిలో ప్రాణమున్న వస్తువు ఒకటి ఉంది. అది హైదరాబాద్ పాతబస్తీ మాట.

ఆ పేరే చూడండి. స్కూలు ‘ఇస్కూలు’, స్టేషను ‘ఇస్టేషను’ అయినట్టే స్మార్టు ‘ఇస్మార్టు’ అయింది. పదం మొదట రెండు హల్లులు కలిసి వస్తే ముందొక ‘ఇ’ చేర్చి పలకడం దక్కనీ మాట్లాడే మన ఇళ్లలో పెద్దల నుంచి వస్తున్న అలవాటు. తెలంగాణ తెలుగువారి నోటా అదే పలుకుబడి ఉంది. ఒకప్పుడు ఇలా పలికినందుకు బడిలో నవ్వేవారు. ఆ నవ్వులపాలైన పలుకే ఒక సినిమా పేరై, రాష్ట్రాల హద్దులు దాటి జనం నోళ్లలో నానింది. అందులోని ఒక పాట పేరు ‘దిమాక్ ఖరాబ్’. రామ్ ఆ యాసను అరువు తెచ్చుకున్నట్టు కాకుండా, దానిలోనే పుట్టి పెరిగినవాడిలా పలికాడు. మన కుర్రవాళ్లు ఈల వేసింది ఆ పలుకుకే.

రెండో సినిమాలో ఆ పలుకు తగ్గలేదు, ఇంకా పెరిగింది. ‘స్టెప్పా మార్’, ‘మార్ ముంత చోడ్ చింత’, ‘క్యా లఫ్డా’ అన్న పాటల పేర్లే సాక్ష్యం. తగ్గింది మనుషులు. మొదటి కథలో చనిపోయిన సీబీఐ అధికారి జ్ఞాపకాలను శంకర్ తలలోకి ఎక్కిస్తారు. రెండో కథలో మెదడులో కణితితో చావుకు దగ్గరైన బిగ్ బుల్ అనే ఆయుధాల వ్యాపారి తన జ్ఞాపకాలను అతనిలోకే ఎక్కించుకొని బతకాలనుకుంటాడు. ఆ పాత్రను సంజయ్ దత్ వేశారు. అతని కోసం ‘రా’ గూఢచారులు గాలిస్తుంటారు. నేర కథ కాస్తా దేశభద్రత కథ అయింది. ఆ హడావుడిలో గల్లీ, చాయ్ హోటల్, పక్కింటి గొడవ కొట్టుకుపోయాయి. జ్ఞాపకాలను మార్చే ఈ కథలో, సీక్వెల్‌కు పాతబస్తీ మాట ఎక్కింది కానీ పాతబస్తీ జ్ఞాపకం ఎక్కలేదు.

ఇందులో కథానాయిక పేరు జన్నత్. సినిమా ముగిశాక ఆ పాత్రలో నాకు మిగిలింది ఆ పేరు ఒక్కటే. ఆ పేరు పెట్టుకున్న పిల్ల ఉండే ఇల్లు, అమ్మను పిలిచే పిలుపు, పండుగ నాటి వంట, వీటిలో ఏదీ నా మనసులో నిలవలేదు. ఇక అలీ సంగతి. 1981 నాటి ‘సీతాకోకచిలుక’లో బాలనటుడిగా మెప్పించిన కళాకారుడు. నాలుగు దశాబ్దాలకు పైగా తెలుగువారిని నవ్వించిన ముస్లిం నటుడు. అంతటివాడికి ఇక్కడ దక్కింది బోకా అనే ఒక మోటు వేషం. పాతబస్తీ కథలో పాతబస్తీ మనిషిగా అలీని నిలబెట్టి ఉంటే ఎంత సహజమైన హాస్యం పుట్టేదో దర్శకుడికి తోచలేదు.

ఈ తీరు ఒక్క తెలుగు సినిమాదే కాదు. 2019 అక్టోబరు 2న విడుదలైన హిందీ గూఢచారి చిత్రం ‘వార్’ తెలుగులోనూ వచ్చింది. అందులో ఖాలిద్ అనే యువ సైనికుడున్నాడు. తండ్రి దేశద్రోహి అన్న మచ్చను తుడుచుకోవడానికి అందరికంటే రెండింతలు కష్టపడతాడు. చివరికి అతను చంపబడ్డాడని, శస్త్రచికిత్సతో అతని ముఖం తగిలించుకున్న మరొకడే ద్రోహి అని తేలుతుంది. పాత్రలో బాధ ఉంది, గౌరవమూ ఉంది. అయితే ఒక ముస్లిం యువకుడు తన విధేయతను రుజువు చేసుకొని, ఆపై ప్రాణం కూడా ఇస్తే తప్ప ప్రేక్షకుడి నమ్మకానికి నోచుకోడన్న షరతు కూడా ఉంది. 2025 ఆగస్టు 14న జూనియర్ ఎన్టీఆర్‌తో వచ్చిన ‘వార్ 2’ అసలు సినిమా కంటే ఎంతో ఆర్భాటంగా తయారైంది. అందులో ఖాలిద్‌కు సాటివచ్చే పాత్ర లేదు. మొదటి భాగంలో మనవాడు పరీక్షకు కూర్చున్నాడు, రెండో భాగంలో కూర్చోవడానికి బెంచీయే లేదు.

నిందించే పాత్ర లేకపోవడం మంచిదే కదా అని కొందరు అనవచ్చు. ఉగ్రవాది వేషాలతో విసిగిపోయిన మనకు ఆ మాట ఊరటగానే వినిపిస్తుంది. కానీ నింద తప్పడం వేరు, చోటు దొరకడం వేరు. నవ్వుకోవడానికి తీసిన సినిమాపై ఇంత బరువెందుకని ఇంకొందరు అనవచ్చు. నవ్వు మనిషిని ఎరిగినప్పుడే పుడుతుంది. 2005లో కుంట నిఖిల్ దర్శకత్వంలో వచ్చిన ‘ది అంగ్రేజ్’ను గుర్తుచేసుకోండి. ఇస్మాయిల్ భాయ్, సలీం ఫేకూ చార్మినార్ దగ్గర కోసిన కోతలకు మన ఇళ్లలో ముసలివాళ్లు కూడా పడీపడీ నవ్వారు. ఇస్మాయిల్ భాయ్‌గా నటించినవారు ధీర్ చరణ్ శ్రీవాస్తవ్. దక్కనీ ఒక్క మతం సొత్తు కాదనడానికి అంతకంటే రుజువు అక్కరలేదు. మనల్ని ఎరిగినవాడు వేళాకోళం చేస్తే మనకు కోపం రాదు.

రెండో సినిమా అయిపోయాక మేనల్లుడు అన్న మాట నన్ను ఇది రాయించింది. “మామూ, మన మాటంటే అందరికీ ఇష్టమే. మనమంటేనే ఆలోచిస్తారు” అన్నాడు. ఆ మాట వెనుక ఒక అనుభవం ఉంది. కర్మాగారానికి దగ్గరలో గది కోసం టులెట్ బోర్డు చూసి ఫోను చేశాడు. ఇంటి యజమాని అతని మాటతీరుకు ముచ్చటపడి, “మస్తు మాట్లాడుతున్నావు భాయ్, సాయంత్రం వచ్చి చూసుకో” అన్నాడు. సాయంత్రం వెళ్లి పేరు చెప్పగానే, గది ఇప్పుడే వేరేవారికి ఇచ్చేశామన్నాడు. ఆ బోర్డు మరో నెల రోజులు అదే గేటుకు వేలాడింది.

ఇదే పారిశ్రామిక ప్రాంతంలో ఒడిశా, బీహార్, ఝార్ఖండ్‌ల నుంచి వచ్చిన కూలీకి, మన పల్లెల నుంచి వచ్చిన తెలుగు కార్మికుడికి యంత్రం పక్కన మాట కలిపేది మన దక్కనీ హిందుస్తానీయే. ‘జర ఆగు, కరెంటు బంద్ చెయ్’ అన్న ఒక్క కేక ప్రాణం కాపాడగలదు. రాష్ట్రమంతటా ఉర్దూను రెండో అధికార భాషగా 2017లో ప్రభుత్వం గుర్తించింది. అంత పని చేసే భాషకు తెరపై ఇప్పటికీ రౌడీ నోరే దిక్కు. తెలంగాణ యాసకూ ఒకప్పుడు ఇదే గతి. ‘ఫిదా’, ‘బలగం’ వంటి సినిమాల్లో ఇంటి మనుషులు ఆ యాస మాట్లాడాక చూపు మారింది. దక్కనీ వంతు ఇంకా రాలేదు.

కాబట్టి నిషేధించండని మనం అడగనక్కరలేదు. దర్శకులను అడగవలసింది ఒక్కటే: మా మాట తీసుకున్నప్పుడు ఆ మాట పుట్టిన ఇంటినీ చూపండి. ఆ ఇంట్లో మంచివాళ్లు, పిసినారులు, కోతలరాయుళ్లు అందరూ ఉంటారు. కథలు లేవనడానికి వీల్లేదు. ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’, స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన ‘వతన్’ తెలుగులోనే ఉన్నాయి. మన కార్యకర్తలు సభల్లో తీర్మానాలతో పాటు, రాయగల కుర్రవాళ్లను వెతికి ఇలాంటి పుస్తకాలు వారి చేతిలో పెట్టాలి. తల్లిదండ్రులు పిల్లలను కసరడానికి బదులు, సినిమా అయ్యాక పక్కన కూర్చొని ఇందులో మనవాళ్లు ఎవరున్నారని అడగాలి.

‘డబుల్ ఇస్మార్ట్’ అసలుకు సాటి రాలేదు. పేరులో రెట్టింపు చేసింది మన పలుకునే. ఆ పలుకు మాట్లాడే మనిషికి మాత్రం, మా మేనల్లుడికి దొరకని గదిలాగే, సినిమాలోనూ చోటు దొరకలేదు.