పంతం సరే, పందెం ఎందుకు?

సంక్రాంతి వచ్చిందంటే చర్ల నుంచి అశ్వారావుపేట దాకా ఊళ్లలోనూ గూడేల్లోనూ వాలీబాల్ వలలు లేస్తాయి, కబడ్డీ గీతలు పడతాయి. ఏ ఊరి కుర్రవాళ్లు గెలుస్తారన్న దానిపై రచ్చబండల దగ్గర వారం ముందు నుంచే వాదాలు మొదలవుతాయి. ఈ వాదాల వల్ల ఎవరికీ నష్టం లేదు సరికదా, పక్క ఊరిని ఆటలో ఓడించాలన్న పంతమే లేకపోతే ఆ మైదానంలో గడ్డి మొలుస్తుంది. అయితే కొన్నేళ్లుగా ఈ పంతం మైదానం వదిలి సెల్‌ఫోన్‌లోకి చేరింది. అక్కడ పందెంగా మారింది. ఈ రెండింటికీ ఎక్కడ తేడా వస్తున్నదో కుర్రవాళ్లతో పాటు వారి తల్లిదండ్రులు, పంచాయతీ పెద్దలు కూడా తెలుసుకోవలసిన అవసరం ఏర్పడింది.

ఫోన్‌లో ఆడే ఈ ఆటను ఫాంటసీ లీగ్ అంటారు. కాగితం జట్టు అంటే మనకు సులువుగా అర్థమవుతుంది. నిజంగా ఎక్కడో జరిగే పోటీలోని ఆటగాళ్ల నుంచి కొందరిని ఏరుకుని ఎవరి జట్టు వారు కట్టుకుంటారు. ఆ ఆటగాళ్లు నిజమైన మైదానంలో చేసే పరుగులు, తీసే వికెట్లు, తెచ్చే పాయింట్లు ఈ కాగితం జట్టు ఖాతాలో పడతాయి. ఎవరి ఖాతా పెద్దదైతే వారు గెలిచినట్టు. ఇంతవరకు ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. పైగా ఆటను శ్రద్ధగా గమనించినవాడే ఇందులో నెగ్గుకొస్తాడు.

దీనికి ఒక ముచ్చటైన చరిత్ర కూడా ఉన్నది. 1980లో అమెరికాలోని న్యూయార్కు నగరంలో డేనియల్ ఓక్రెంట్ అనే పాత్రికేయుడు, ఆయన మిత్రులు ఒక హోటల్లో భోజనానికి కూర్చుని బేస్‌బాల్ ఆటగాళ్లతో ఇలాంటి పోటీ పెట్టుకున్నారు. ఆ హోటల్ పేరు మీదనే ఆటకు రోటిస్సరీ అన్న పేరు వచ్చింది. గెలిచినవాడి నెత్తిన మిత్రులందరూ కలిసి చాక్లెట్ పానీయం సీసా కుమ్మరించడం వారి ఆచారం. ఆట కనిపెట్టిన ఓక్రెంట్ మాత్రం తన ఆటలో ఒక్కసారి కూడా గెలవలేదు! వాళ్లూ తలా కొంత డబ్బు వేసుకున్న మాట నిజమే. కానీ ఆ డబ్బు పదిమంది మిత్రుల మధ్యనే తిరిగింది. మధ్యలో కూర్చుని వాటా కోసుకున్న వ్యాపారి లేడు. ఎదుటివాడి ముఖం, వాడి గొప్పలు, వాడి ఏడుపు అందరికీ తెలుసు.

ఆ దేశంలోనే కళాశాల విద్యార్థుల బాస్కెట్‌బాల్ చుట్టూ ఇంతకంటే పెద్ద సరదా ఒకటి నడుస్తున్నది. 1891లో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు చలికాలంలో కుర్రవాళ్లు గదిలోపల ఆడుకోవడానికి పండ్ల బుట్టలు గోడకు వేలాడదీసి కనిపెట్టిన ఆట ఇది. ఇప్పుడు ప్రతి మార్చి నెలలో 68 కళాశాలల జట్లు జాతీయ పోటీలో తలపడతాయి. ఎవరు ఎవరిని ఓడిస్తారో ముందే కాగితం మీద రాసిపెట్టి, ఆఫీసుల్లో, కళాశాల హాస్టళ్లలో, బంధువుల ఇళ్లలో ఒకరినొకరు ఆటపట్టించుకుంటారు. ప్రాథమిక పోటీలు పోను మిగిలిన 63 ఆటల ఫలితాలనూ తప్పులేకుండా రాయడం ఎంత కష్టమంటే, కళ్లు మూసుకుని రాసేవాడికి ఆ అవకాశం సుమారు తొమ్మిది పక్కన పద్దెనిమిది సున్నలు పెడితే వచ్చే సంఖ్యలో ఒక్కటి. అందువల్ల అందరూ ఎక్కడో ఒకచోట తప్పుతారు. అందరూ తప్పుతారు గనుకనే నవ్వులాట సాగుతుంది.

ఆ నవ్వులాటలోకి పెద్ద డబ్బు వచ్చాక జరిగింది మనం గమనించాలి. 2018లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు తరువాత ఆటల మీద పందేలను రాష్ట్రాలు ఒకదాని వెనుక ఒకటి అనుమతించాయి. జట్టు గెలుపు ఓటముల మీదనే కాక, ఫలానా విద్యార్థి ఇన్ని పాయింట్లు తెస్తాడా లేదా అన్న దాని మీద కూడా పందేలు మొదలయ్యాయి. ఆ పిల్లవాడు రెండు పాయింట్లు తక్కువ తెస్తే, డబ్బు పోగొట్టుకున్న అపరిచితులు వాడికి బూతులు, బెదిరింపులు పంపడం సాగింది. చివరికి 2024 మార్చిలో కళాశాల క్రీడల సంస్థ అధ్యక్షుడు చార్లీ బేకరే విద్యార్థి ఆటగాళ్ల మీద విడివిడి పందేలు నిషేధించాలని రాష్ట్రాలను కోరవలసి వచ్చింది. నిన్నటి దాకా వీరాభిమాని అయినవాడు డబ్బు కట్టగానే ఆటగాణ్ని పందెం కోడిలా చూడసాగాడన్న మాట.

పందెం కోడి సంగతి మన తెలుగువారికి మరొకరు చెప్పనవసరం లేదు. బ్రహ్మనాయుడు, నాయకురాలు నాగమ్మల నడుమ కోడిపందెం ఓడినందుకు మాచర్ల వారు ఏడేళ్లు రాజ్యం వదిలి పోవలసి వచ్చిందనీ, అది చివరకు కారంపూడి యుద్ధం దాకా వెళ్లిందనీ పల్నాటి కథ చెబుతుంది. కోడిపందెం కూడా అదృష్టం కాదు, విద్యేనని వాదించేవారు మన వద్ద ఎప్పుడూ ఉన్నారు. దానికి కుక్కుట శాస్త్రం అనే శాస్త్రమే ఉన్నది. ఏ రోజున ఏ రంగు కోడి గెలుస్తుందో అందులో చూసుకుని పందెం కాసి, ఎడ్లు అమ్ముకున్న వారి సంగతి ఆ శాస్త్రంలో రాయలేదు.

ఫోన్ ఆటల కంపెనీలు చేసింది కూడా ఈ వాదమే. ఇది జూదం కాదు, నైపుణ్యం అన్నారు. వారి మాటకు కొంత ఆధారం లేకపోలేదు. పేకాటలో రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని 1968లో ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు అన్నది. కానీ డబ్బు కట్టి ఆడితే నైపుణ్యం ఆటైనా నేరమేనని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ జూద నిషేధ చట్టాలను మార్చాయి. నడుమనున్న మూడేళ్లూ మన సరిహద్దు పల్లెలకు వింత అనుభవమే. కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం మండలాలు 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. దాంతో ఒకే సంతకు వచ్చే, ఒకే ఇంటి పిల్లనిచ్చి పుచ్చుకునే ఊళ్లకు, వాగుకు ఇవతల ఒక చట్టం, అవతల మరో చట్టం అయింది. ఆ తరువాత 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బుతో ఫోన్ ఆటలు నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా అందులో పెట్టారు. ఆడినవాడికి మాత్రం శిక్ష పెట్టలేదు, వాణ్ని బాధితుడిగానే చూశారు. ఇది సబబైన ఆలోచన. అప్పటిదాకా భారత క్రికెట్ జట్టు చొక్కా మీద పేరు వేయించుకున్న డ్రీమ్11 సంస్థ సైతం ఆ నెలలోనే డబ్బు పోటీలు ఆపివేసింది.

చట్టం వచ్చింది గనుక ఇక పీడ విరగడైందని అనుకుంటే పొరపాటు. కోడిపందేల మీద నిషేధం ఎన్ని దశాబ్దాలుగా ఉన్నదో, సంక్రాంతికి సరిహద్దు దాటి తోటల్లోకి ఎన్ని బండ్లు పోతున్నాయో ఈ ప్రాంతంలో అందరికీ తెలిసినదే. విదేశాల నుంచి దొడ్డిదారిన నడిచే పందేల సైట్లు ఉండనే ఉన్నాయి. తునికాకు కల్లం డబ్బులు, పత్తి అమ్మిన డబ్బులు, మిర్చి యార్డు నుంచి తెచ్చిన డబ్బులు ఏడాదికి ఒక్కసారే చేతికి వస్తాయి. అవి ఒక్క రాత్రిలో పోతే మళ్లీ ఏడాది దాకా వడ్డీ వ్యాపారి గుమ్మమే దిక్కు. పట్నంలో నెల జీతగాడు పోగొట్టుకోవడానికీ, ఇక్కడ పోడు చేసుకునే ఇంటివాడు పోగొట్టుకోవడానికీ ఆ తేడా ఉన్నది.

కాబట్టి "వద్దు" అన్న ఒక్క మాటతో కుర్రవాళ్లు ఆగరు. పంతానికి వేరే దారి చూపాలి. ఆ దారి కాగితం జట్టులోనే ఉన్నది. ఫోన్‌ను, డబ్బును తీసివేస్తే మిగిలేది మంచి ఆటే.

ఏ మండల కబడ్డీ పోటీనైనా తీసుకోవచ్చు. ఎనిమిది మంది మిత్రులు నోటు పుస్తకం పట్టుకుని కూర్చుంటే చాలు. చీటీలు వేసి వరుస నిర్ణయించుకుని, వచ్చిన జట్లన్నింటిలోంచి ఒక్కొక్క ఆటగాణ్ని కోరుకుంటూ తలా ఏడుగురిని కట్టుకోవాలి. ఒకరు తీసుకున్న ఆటగాణ్ని మరొకరు తీసుకోరాదు. మొదటి చుట్టులో చివర వచ్చినవాడికి రెండో చుట్టులో ముందు అవకాశం ఇస్తే ఎవరికీ అన్యాయం ఉండదు. కూతకు వెళ్లి తెచ్చిన ప్రతి పాయింటుకు ఒకటి, పట్టు పట్టి ఆపితే ఒకటి, ముగ్గురో అంతకన్న తక్కువమందో మిగిలి ఉన్నప్పుడు పట్టు పడితే రెండు. లెక్క ఇంతే. దీనికి ఒక్క షరతు తప్పక చేర్చాలి. సొంత ఊరివాళ్లు ముగ్గురికి మించరాదు. అప్పుడు ములకలపల్లి కుర్రవాడు దమ్మపేట ఆటగాడు ఎలా కూత పెడుతున్నాడో కన్నార్పకుండా చూస్తాడు, వాడు పాయింటు తెస్తే చప్పట్లు కొడతాడు. ఊరి పంతాలు ముదిరి చొక్కాలు పట్టుకునే దాకా పోయే పోటీలకు ఇంతకంటే చవకైన మందు లేదు.

పోటీ జరిగే చోటికి వచ్చి, కళ్లారా చూసి, చేత్తో రాసినవాడి లెక్కే చెల్లాలి. ఇది చిన్న విషయం కాదు. ఇలాంటి ఆటల వల్ల కుర్రవాళ్లు ఆడటం మాని కూర్చుని లెక్కలు వేస్తారని వ్యాయామోపాధ్యాయులు అనవచ్చు. ఆ భయంలో నిజమున్నది. మైదానానికి రప్పించే షరతు అందుకే.

డబ్బు లేకపోతే వేడి ఉండదన్న వాదన కూడా వినిపిస్తుంది. డబ్బుకూ ఆటకూ ఉన్న సంబంధం ఎంతో తెలుగు టైటాన్స్‌ను అడిగితే తెలుస్తుంది. 2023 వేలంలో ఆ జట్టు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నది. అప్పటికి ప్రో కబడ్డీలో అంత ధర ఎవరికీ పలకలేదు. ఆ సీజనులో జట్టు అట్టడుగున నిలిచింది. పవన్ ఆటలో లోపం లేదు, ఒక్కడు ఆడితే ఏడుగురి ఆట కాదు. ఈ సంగతి కాగితం జట్టు కట్టే కుర్రవాడికి మొదటి వారంలోనే, పైసా పోకుండా తెలుస్తుంది.

పందెం ఏదో ఒకటి ఉండాలంటే దానికీ మార్గమున్నది. ఓడినవాడు మరుసటి పోటీకి మైదానంలో సున్నం గీతలు గీయాలి. ఆఖరున నిలిచిన ఇద్దరు తాగునీటి క్యాన్లు మోయాలి. గెలిచినవాడికి పల్లకీ అక్కరలేదు, ఓడినవాడు మోస్తుంటే చూడటమే చాలు.

ఇక్కడే మైదానాల మాట కూడా చెప్పుకోవాలి. భద్రాచలంలో పుట్టిన గొంగడి త్రిష 2025 ఫిబ్రవరి 2న కౌలాలంపూర్‌లో జరిగిన 19 ఏళ్లలోపు బాలికల ప్రపంచ కప్పు ఫైనల్లో దక్షిణాఫ్రికా మీద 15 పరుగులకు 3 వికెట్లు తీసి, 44 పరుగులతో అజేయంగా నిలిచింది. పరుగుకు ఒకటి, వికెట్టుకు ఇరవై చొప్పున కట్టినా ఆ ఒక్క ఆటకు ఆమె ఖాతాలో 104 పడతాయి. ఆ పోటీ మొత్తంలో 309 పరుగులు చేసి ఉత్తమ క్రీడాకారిణి అయింది. స్కాట్లండు మీద ఆమె చేసిన 110 పరుగులు ఆ ప్రపంచ కప్పు చరిత్రలోనే మొదటి శతకం. ఆ రోజు ఆమె పేరు చూసి మురిసిపోని ఇల్లు భద్రాచలంలో లేదు. అయితే ఆ అమ్మాయి ఆట నేర్చుకోవడానికి కుటుంబం సికింద్రాబాదుకు మకాం మార్చవలసి వచ్చింది. అంత సాహసం అన్ని ఇళ్లవారూ చేయగలరా? కిన్నెరసానిలో గిరిజన విద్యార్థులకు క్రీడా పాఠశాల ఉన్నది. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణాలని బోర్డులు వెలిశాయి. బోర్డు ఉండి నేల చదును లేనిచోట, నేల ఉండి వల లేనిచోట ఊరివారే సర్పంచిని, మండల అధికారిని నిలదీసి అడగాలి. పందేల సైట్లకు పోయే డబ్బులో నూరో వంతు పెట్టినా ఒక వల, రెండు బంతులు, ఒక విజిల్ వస్తాయి.

హాస్టళ్లలో దీన్ని మొదలుపెట్టడం ఇంకా తేలిక. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు సగటులు, శాతాలు బల్ల మీద రాసి బోధించే బదులు వారి కాగితం జట్ల లెక్కే వారిచేత కట్టించవచ్చు. లెక్క రాసే పని ఆడపిల్లలకు అప్పగిస్తే తగవు ఉండదని కొందరు అంటారు. లెక్కతో పాటు వారి జట్లనూ కట్టనివ్వాలి. త్రిష ఊరి పక్క పిల్లలు అంకెలు రాయడంతో ఎందుకు సరిపెట్టుకోవాలి?

పంచాయతీ కార్యాలయం గోడకు ఒక నల్లబల్ల, సుద్దముక్క ఉంటే చాలు. పోటీ రోజు సాయంత్రం ఎవరి జట్టుకు ఎంత వచ్చిందో దాని మీద రాయాలి. తెల్లవారి తునికాకు కట్టలతో పోయేవారు, పాలు పోసి వచ్చేవారు ఆగి చూస్తారు. అందరికంటే కింద ఎవరి పేరున్నదో ఆ కుర్రవాడు ఆ పూట వేరే దారిన పోతాడు.