పటంలోని పచ్చరంగు కాలినడకకు అందాలి



సెలవు రోజు సాయంత్రం దుబాయిలో సోనాపూర్ వైపు వెళ్లిన వాళ్లకు ఈ దృశ్యం కొత్త కాదు. రెండు క్యాంపుల మధ్య ఖాళీ ఇసుక నేల. రెండు ఇనుప పైపులు పాతి, వాటికి వల కట్టి, కాలితో గీత గీసి మనవాళ్లు వాలీబాల్ ఆడుతుంటారు. జగిత్యాల, సిరిసిల్ల, ఆర్మూరు, నిర్మల్ యాసలన్నీ అక్కడే వినిపిస్తాయి. కొంచెం అవతల ఇంకో గుంపు క్రికెట్ ఆడుతుంటుంది. కొందరు ఆటకు కాదు, ఊరికే కూర్చుని ఇంటికి ఫోను చేసుకోవడానికి వస్తారు. కొన్నాళ్ల తర్వాత అదే చోటికి వెళ్తే కంచె వేసి ఉంటుంది, లేదా లారీలు నిలబెట్టి ఉంటాయి. మనవాళ్లు వల విప్పుకుని ఇంకో ఖాళీ జాగా వెతుక్కుంటారు.

ఈ మధ్య అలాంటి ఆటే చూస్తూ కూర్చున్నప్పుడు పక్కనున్న ఒక తమ్ముడు ఫోనులో లేఅవుట్ పటం చూపించాడు. ఊరి దగ్గర వెంచర్‌లో నూట యాభై గజాల ప్లాటు కొన్నాడట. "అన్నా, నా ప్లాటు ముంగటే పార్కు" అంటూ పటంలో పచ్చరంగు ముక్క మీద వేలు పెట్టాడు. "ఆ పార్కు జాగా పంచాయతీ పేర రాసిచ్చిండ్రా?" అని అడిగితే, "అది అడగలేదన్నా" అన్నాడు.

ఇక్కడ ఆడుకునే నేల ఏ పటంలోనూ లేదు. అక్కడ పటంలో ఉన్న పార్కు నేల మీద ఉంటుందో లేదో తెలియదు. ఈ రెండూ వేరు వేరు సమస్యలుగా కనిపిస్తాయి గానీ, మూలం ఒకటే. ఖాళీ జాగా అంటే ఎవరికీ అక్కర లేని జాగా అని అందరూ అనుకోవడమే ఆ మూలం.

ముందు మనం బతుకుతున్న చోటు సంగతి చూద్దాం. పార్కుల విషయంలో ఈ దేశాన్ని తక్కువ చేసి మాట్లాడితే అన్యాయం అవుతుంది. ఎడారిలో దుబాయి మునిసిపాలిటీ 1975లో సఫా పార్కు, 1994లో క్రీక్ పార్కు, 2005లో జబీల్ పార్కు తెరిచింది. అబుధాబి 2007లోనే పట్టణ ప్రణాళికా మండలిని ఏర్పాటు చేసి, 2030 దాకా నగరం ఎలా పెరగాలో పటం గీసింది. 2021 మార్చిలో ప్రకటించిన దుబాయి 2040 ప్రణాళిక ప్రకారం, 2020లో 33 లక్షలున్న జనాభా 58 లక్షలకు చేరుతుంది. పచ్చని ప్రదేశాలు, వినోద స్థలాలు రెట్టింపు అవుతాయి. జనంలో 55 శాతం మంది ప్రధాన రవాణా స్టేషన్లకు 800 మీటర్ల లోపే ఉండాలి. నిత్యావసరాల్లో 80 శాతం నడకకో సైకిలుకో 20 నిమిషాల్లో అందాలన్నది 2022లో చెప్పిన మరో లక్ష్యం. మన నగరాల్లో ఇంత స్పష్టంగా అంకెలు రాసిపెట్టుకున్న మునిసిపాలిటీ ఏది?

అయితే ఒక ప్రశ్న. ఆ 20 నిమిషాలు ఎవరి గుమ్మం నుంచి లెక్క?

జబీల్ పార్కు టికెట్టు 5 దిర్హాములే. మన కార్మికుడికి అడ్డం వచ్చేది టికెట్టు కాదు, దూరం. ఆరు రోజులు డ్యూటీ చేసి, ఏడో రోజు బట్టలుతికి, వంట చేసుకుని, ఇంటికి డబ్బు పంపే పని చూసుకునేసరికి మధ్యాహ్నం దాటుతుంది. ఇక రెండు బస్సులు మారి పార్కుకు పోయి వచ్చే ఓపిక ఎక్కడిది? పైగా ఈద్ సెలవుల్లో కొన్ని పబ్లిక్ బీచ్‌లను కుటుంబాలకే కేటాయిస్తున్నారు. అందులో తప్పు పట్టేదేమీ లేదు. కానీ కుటుంబాన్ని ఊళ్లో వదిలి వచ్చినవాడు ఆ రోజు ఎక్కడికి పోవాలి?

కార్మికుల వసతిపై ఇక్కడి మంత్రివర్గం 2009లో ప్రమాణాలు నిర్ణయించింది. గదిలో మనిషికి కనీసం 3 చదరపు మీటర్లు ఉండాలంది. మంచి నిబంధనే. కానీ 3 చదరపు మీటర్లంటే సుమారు 32 చదరపు అడుగులు. ఆరడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు మంచం వేస్తే అందులో సగానికి పైగా అయిపోయింది. ఊళ్లో మనకు అరుగు ఉంది, వాకిలి ఉంది, రచ్చబండ ఉంది. ఇక్కడ గది బయట ఉన్న ఇసుక నేలే అరుగు, అదే వాకిలి, అదే రచ్చబండ. విల్లా ఉన్నవాడికి పార్కు అదనపు సౌకర్యం కావచ్చు. పది మంది గదిలో ఉన్నవాడికి అది ఇంట్లో ఒక భాగం.

కొన్ని క్యాంపుల్లో వ్యాయామశాల, టీవీ హాలు, ఆటస్థలం ఉన్న మాట నిజం. దుబాయిలో కార్మిక వ్యవహారాల శాశ్వత కమిటీ పండుగ వేడుకలు జరుపుతోంది. కార్మికుల కోసం క్రీడల పోటీలూ జరుగుతున్నాయి. సంతోషం. అయితే వేడుక ఏడాదికి కొన్ని సార్లు, సాయంత్రం మాత్రం ప్రతిరోజూ వస్తుంది. అడగవలసింది ఆ ప్రతి సాయంత్రం కోసం.

"దేశం వాళ్లది, పొట్ట చేత పట్టుకుని వచ్చిన మనకు అడిగే హక్కెక్కడిది?" అని కొందరు మిత్రులంటారు. నిజమే, ఇక్కడ మనకు ఓటు లేదు, మన మర్యాద మనకుంది. కానీ ప్రణాళికలో లెక్కపెట్టిన ఆ 33 లక్షల్లో మనమూ ఉన్నాం. మునిసిపాలిటీకి వినయంగా ఒక వినతిపత్రం ఇవ్వడం రాజకీయం కాదు. పైగా మనం అడిగేది ఖర్చుతో కూడిన పెద్ద పార్కు కాదు. క్యాంపులు గుంపుగా ఉన్న ప్రతి చోటా నడిచి వెళ్లే దూరంలో ఒక మైదానాన్ని పటంలో గుర్తించాలి. అక్కడ నీడ, తాగునీరు, మరుగుదొడ్డి, దీపాలు ఉండాలి. దీపాలెందుకంటే, ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి ప్రభుత్వమే నియమం పెట్టింది. అంత ఎండల కాలంలో ఆట రాత్రిపూటే సాధ్యం. ఇక నలుగురు కూర్చునేందుకు ఒక హాలు కావాలి. బతుకమ్మకూ ఉగాదికీ అని మాత్రమే కాదు. గదిలో తోటివాడు పోయినప్పుడు మంచాల మధ్య నిలబడి ఏడ్చే పరిస్థితి ఉండకూడదు.

ఇక ఊరి సంగతి. అక్కడ మనం అతిథులం కాదు. అక్కడ అడగకపోవడానికి మనకు ఏ సాకూ లేదు.

పార్కులు, తోటలు, ఆటస్థలాలు మునిసిపాలిటీల బాధ్యతల్లో ఒకటని 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణే పన్నెండో షెడ్యూలులో రాసింది. లేఅవుట్‌లో కనీసం 10 శాతం నేలను ఖాళీగా వదిలి, దాన్నీ రోడ్లనూ గిఫ్ట్ డీడ్ ద్వారా స్థానిక సంస్థకు ఉచితంగా అప్పగించాలన్నది నిబంధన. పదెకరాల వెంచర్‌లో అది ఒక ఎకరం, అంటే 4,840 గజాలు. నూట యాభై గజాల ప్లాట్లుగా కోస్తే 32 ప్లాట్లు. పార్కు జాగా మీద అంతమంది కన్ను ఎందుకు పడుతుందో ఈ లెక్కే చెబుతుంది.

అనుమతి లేని లేఅవుట్లలో అసలు ఆ జాగాయే వదలరు. తర్వాత క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. తెలంగాణలో 2020 నాటి పథకంలో, ఖాళీ స్థలం వదలని లేఅవుట్‌లో ప్లాటు ఉన్నవారు ప్లాటు విలువలో 14 శాతం రుసుముగా కట్టాలన్నారు. కట్టేది ఎవరు? ఎడారిలో చెమటోడ్చి ప్లాటు కొన్న మనమే. జాగా మిగుల్చుకున్నది వెంచర్ వేసినవాడు, జరిమానా లాంటి రుసుము కొన్నవాడికి. కాగితం సక్రమమవుతుంది సరే, పిల్లలు ఆడుకునే నేల మాత్రం తిరిగి రాదు. హైదరాబాదులో 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా ఆక్రమణలో ఉన్న పార్కు జాగాలను విడిపిస్తోంది. కానీ దాని పరిధి ఔటర్ రింగు రోడ్డు వరకే. జగిత్యాలకో కామారెడ్డికో అది రాదు. అక్కడ కాపలా కాయాల్సింది ఊరివాళ్లే.

అందుకే సభ్యులకు ఒక విన్నపం. ప్లాటు కొనేముందు మూడు ప్రశ్నలు అడగండి. లేఅవుట్ అనుమతి సంఖ్య ఎంత? పార్కు జాగా గిఫ్ట్ డీడ్ నకలు ఏది? నేల మీద దాని హద్దురాళ్లు ఎక్కడ? జవాబు రాకపోతే బయానా ఇవ్వకండి. ఇప్పటికే కొన్నవారు ఇంట్లోవాళ్లచేత ఆ కాగితం కోసం సమాచార హక్కు దరఖాస్తు పెట్టించండి. తెలంగాణలో 2025 డిసెంబరులో పంచాయతీ ఎన్నికలు జరిగాయి, కొత్త సర్పంచులు వచ్చారు. ఊరి ఉమ్మడి జాగాల జాబితా గ్రామసభలో చదివించమని అడగడానికి ఇంతకంటే మంచి సమయం లేదు. ఊరి కమానుకూ విగ్రహానికీ ఇక్కడి నుంచి చందాలు పంపుతున్నాం. ఒక్కసారి బడి పక్కనున్న ఆటస్థలానికి కంచె, బోర్డు కోసం పంపి చూద్దాం.

ఆ తమ్ముడు మరుసటి వారం ఫోను చేశాడు. ఊళ్లో వాళ్ల నాన్న పంచాయతీ ఆఫీసుకు పోయి అడిగాడట. గిఫ్ట్ డీడ్ ఇంకా కాలేదన్నారట. "ఇప్పుడేం చేయాలన్నా?" అన్నాడు. "ఆ వెంచర్‌లో ప్లాట్లు కొన్నవాళ్ల నంబర్లన్నీ ఒక దగ్గర రాయి" అని చెప్పాం. పదకొండు మంది దొరికారు. అందులో నలుగురు ఇక్కడ, ఈ ఎమిరేట్స్‌లోనే ఉన్నారు.

మీ లేఅవుట్‌లో ఎంతమంది ఉన్నారో మీరూ వెతకండి. మాకు రాయండి.