ఇంజనుకు బలము పెట్రోలుచే వచ్చునా?

సాయంకాలము పాఠశాల విడిచిన పిమ్మట పద్మానగరు వీధులలో నడచువారికి రెండు శబ్దములు వినవచ్చును. ఒకటి మన తాతలును తండ్రులును ఎరిగిన సాంచెల చప్పుడు. అది మన భివండీ పట్టణమునకు అన్నము పెట్టుచున్న చప్పుడు. రెండవది ఇటీవల పెరిగినది. సైలెన్సరు మార్చిన మోటారు సైకిళ్ల గర్జన అది. ఆ బండ్లపై తిరుగువారిలో కొందరు నిన్నమొన్నటి వరకు మా తరగతి గదులలో కూర్చుండిన పిల్లలే. ఇంజను బలము పెంచితిమని వారు గర్వముతో చెప్పుకొందురు. బలము నిజముగా పెరిగినదా? పెరిగినచో దేనివలన పెరిగినది? ఈ ప్రశ్నను పెద్దలు అడుగుట లేదు, పిల్లలు ఆలోచించుట లేదు. కావున ఈ వ్యాసమున దానినే విచారింపదలచితిమి.

తెలుగు బోధించువారికి ఇంజనుతో నేమి పని యని పాఠకులు అడుగవచ్చును. ఆ పనిని మాకు ఒక పూర్వవిద్యార్థి కల్పించెను. పదవ తరగతి ముగించి, బండ్లు బాగుచేయు దుకాణమున పనికి కుదిరిన ఆ యువకుడు ఒకనాడు తన మోటారు సైకిలును తెచ్చి మాకు చూపెను. అతడు గాలి వడపోత పెట్టెను తీసివేసి బయటికి తెరచియుండు వడపోతను బిగించెను, సైలెన్సరు మార్చెను, ఇంజెక్టరునకు పోవు తీగెల నడుమ చిన్న పెట్టె నొకదానిని చేర్చి, ఇంజెక్టరు మరికొంతసేపు తెరచుకొని ఎక్కువ పెట్రోలు చిమ్మునట్లు చేసెను. మూడు నెలల జీతములో మిగిలినదంతయు ఇందుకు వ్యయమయ్యెను. శబ్దము రెండింతలైనది. కాని వంతెన యెక్కునప్పుడు బండి మునుపటివలెనే ఆయాసపడుచున్నది. పెట్రోలు త్వరగా అయిపోవుచున్నది. స్పార్క్ ప్లగ్గు మసిపట్టి నల్లబడినది.

"సార్, పెట్రోలు ఎక్కువనే ఇచ్చిన గదా, బలమెందుకు పెరగలే?" అని అతడడిగెను. మా యొద్ద సమాధానము లేకపోయెను.

సమాధానము అతని తండ్రి చెప్పిరి. ఆయన మరమగ్గముల కార్ఖానాలో జాబరు. "మోటరుకు పెద్ద పుల్లీ వేస్తే సాంచె ఉరుకుతది బిడ్డా. గాని నాడె వచ్చే యాళ్లకు పడుగు నోరు తెరువకుంటే ఏమైతది? నాడె ఇరుక్కుంటది, పోగులు తెగుతయి. ఒక్కటి మారిస్తే అన్నీ సరిజెయ్యాలె" అని ఆయన పలికిరి. పిమ్మట మేము విజ్ఞానశాస్త్ర బోధకులతో కూర్చుండి గ్రంథములను పరిశీలింపగా, ఆ జాబరుగారి మాటలో ఇంజను శాస్త్రపు సారమంతయు ఉన్నదని తెలిసినది.

పెట్రోలు తనంతట తాను మండదు. గాలిలోని ప్రాణవాయువుతో కలిసినప్పుడే మండును. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 గ్రాముల గాలి కావలయును. ఇంజను గరిష్ఠ బలము నిచ్చుటకు పెట్రోలు పాలు కొంచెము హెచ్చుగా, అనగా 12.5 మొదలు 13 గ్రాముల గాలికి ఒక గ్రాము వంతున ఉండవలయును. అంతకు మించిన పెట్రోలునకు మండుటకు గాలి దొరకదు. అది మసియై పొగగొట్టమున పోవును, లేదా సిలిండరు గోడలపై నూనెపొరను కడిగివేసి ఇంజనును అరుగదీయును. పెట్రోలు తక్కువైనను కీడే. మిశ్రమము పలుచనై ఇంజను మితిమీరి వేడెక్కును.

ఇందొక లెక్కను విద్యార్థులు తమ నోటుపుస్తకమున వేసికొనవచ్చును. 125 ఘనసెంటీమీటర్ల నాలుగు ఘాతముల ఇంజను నిమిషమునకు 8000 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. రెండు చుట్లకు ఒకసారి అది గాలిని పీల్చును గనుక నిమిషమునకు 4000 సార్లు పీల్చును. ప్రతిసారియు సిలిండరు పూర్తిగా నిండినచో 500 లీటర్ల గాలి లోనికి పోవును. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు, కావున మొత్తము 600 గ్రాములు. దానిని 14.7 చే భాగింపగా సుమారు 41 గ్రాముల పెట్రోలు వచ్చును. 13 చే భాగించినను సుమారు 46 గ్రాములే వచ్చును. ఆ గాలిని పెంచకుండ 60 గ్రాముల పెట్రోలు చిమ్మిన యెడల బలము వచ్చుట యెట్లు? పొయ్యిలో గాలి యాడకున్నను కట్టెలు కుక్కి, మంట పెరుగలేదని వగచుట వంటిది ఇది.

గాలి లోనికి పోవు ద్వారమే థ్రాటిల్ బాడీ. అది గుండ్రని గొట్టము. దానిలో సీతాకోకచిలుక రెక్క వంటి పలక యుండును. చేతితో యాక్సిలరేటరు త్రిప్పినప్పుడు మనము తెరచునది పెట్రోలును కాదు, ఆ గాలి ద్వారమును. పూర్వము దానికి తగిన పెట్రోలును కార్బురేటరు తన చిన్న రంధ్రములగుండ అందించుచుండెను. అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1980వ దశకమున పెక్కు వాహనములలో కార్బురేటరును తీసి, దాని స్థానమునందే థ్రాటిల్ బాడీని, దానిపై ఇంజెక్టర్లను అమర్చినది. మన దేశమున 2006లో హీరో హోండా గ్లామర్ మోటారు సైకిలు ఇంజెక్షనుతో వచ్చినది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నియమములు అమలునకు వచ్చుటతో క్రొత్త మోటారు సైకిళ్లు దాదాపుగా అన్నియు ఇంజెక్షను గలవియే అయినవి. వీనిలో చిన్న కంప్యూటరు గాలి ఒత్తిడిని, ఇంజను వేడిమిని, పలక తెరపును, పొగలోని ప్రాణవాయువును కనిపెట్టుచు ఇంజెక్టరును తెరచి మూయుచుండును. నిమిషమునకు 8000 చుట్లు తిరుగు ఇంజనులో ఒక ఆవృత్తి సెకనులో వేయింట 15 వంతులలో ముగియును. ఇంజెక్టరు తన పనిని ఆ వ్యవధిలోనే చేయవలయును.

ఇప్పుడు మన యువకుని పెట్టె ఏమి చేసినదో చూతము. బండి నెమ్మదిగా పోవునప్పుడు అది చేర్చిన పెట్రోలును, ప్రాణవాయువు సూచిక తెలిపిన సమాచారమును బట్టి కంప్యూటరు తిరిగి తగ్గింపజూచును. యాక్సిలరేటరు పూర్తిగా తెరచినప్పుడు కంప్యూటరు సాధారణముగా ముందే హెచ్చు పెట్రోలు నిచ్చుచుండును. దానిపై మరికొంత చేర్చుట మసిని పెంచుటయే. ఇక థ్రాటిల్ బాడీనే పెద్దది చేసిన లాభము లేదా యని కొందరడుగుదురు. ఇంజను పీల్చగల గాలికి ఆ ద్వారమే అడ్డమైనప్పుడు లాభము కలదు. అడ్డము వేరొకచోట, కవాటములయందో పొగగొట్టమునందో ఉన్నప్పుడు ద్వారము పెంచి ప్రయోజనము లేదు. పెట్రోలు ఒత్తిడిని పెంచుదమన్నచో అదియు అంత సులభము కాదు. ఇంజెక్టరు చిమ్ము పరిమాణము ఒత్తిడి యొక్క వర్గమూలమును అనుసరించును. పెట్రోలును 20 శాతము పెంచవలెనన్న ఒత్తిడిని 44 శాతము పెంచవలయును. రెండింతలు కావలెనన్న నాలుగింతలు చేయవలయును. ఎనిమిదవ తరగతి వర్గమూలములు ఎందుకు పనికివచ్చునని అడుగు పిల్లలకు ఇదే మా జవాబు.

గాలి వడపోతను తీసివేయుట మన యూరిలో మరింత తెలివితక్కువ పని. ఇచ్చట గాలిలో దూది నూగు ఎగురుచుండును. లారీలు తిరుగు బాటలలో దుమ్ము లేచుచుండును. ఆ దుమ్ము సిలిండరులోనికి పోయినచో ఆకురాయివలె గోడలను అరుగదీయును.

ఈ విషయమున మన సంఘమునందు రెండు అభిప్రాయములు వినవచ్చుచున్నవి. బండిపై చేయి వేసిన పిల్లలు చెడినట్లేయని పెద్దలు కొందరందురు. మా బండి, మా డబ్బు, మీకేమి యని యువకులందురు. మాకు రెండును సమ్మతములు కావు.

యువకుల వాదమును మొదట చూతము. బండి వారిదే కాని బాట వారిది కాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము తయారీదారు నిర్ణయించిన లక్షణములకు భిన్నముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. 2019లో సుప్రీంకోర్టు ఆ విషయమునే స్పష్టపరచినది. అదే సంవత్సరపు సవరణము ప్రకారము అట్టి ఒక్కొక్క మార్పునకు అయిదువేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు కారాగారము గాని, రెండును గాని విధింపవచ్చును. చట్టమట్లుండ, మన యిండ్ల సంగతి చూడుడు. రాత్రి పాళీలో పండ్రెండు గంటలు సాంచెలయొద్ద నిలిచిన మనిషి పగలు నిద్రింపవలెను. చిన్న గదిలో పడుకొనిన ఆ మనిషి చెవియొద్ద గర్జించు బండి ఎవరిది? తరచుగా అది పొరుగింటి బిడ్డదే, ఒక్కొక్కప్పుడు సొంత బిడ్డదే. మండని పెట్రోలు పొగను పీల్చునదియు మనమే. నూగుతో నిండిన ఊపిరితిత్తులకు ఆ పొగ కూడ అవసరమా?

ఇక పెద్దల వాదము. మేమును ఒకప్పుడు ఇట్లే తలచితిమి. ఆ యువకుడు బండి తెచ్చిననాడు మా నోటికి మొదట వచ్చినది మందలింపే. కాని అతని ప్రశ్న మమ్ము ఆపినది. తాను చేసిన పని ఫలింపలేదని గ్రహించి, ఎందుకు ఫలింపలేదని అడుగుట విజ్ఞానశాస్త్రమునకు తొలిమెట్టు. పరీక్షలలో తొంబది మార్కులు తెచ్చుకొనిన పిల్లలెందరు అట్లడిగిరి? అతనికి లేనిది బుద్ధి కాదు, కొలత. రిచ్, లీన్, ట్యూనింగ్ అను మాటలను అతడు దుకాణమున నేర్చుకొనెను. వాని అర్థము నెవరును చెప్పలేదు. ట్యూనింగునకు మన భాషలో శ్రుతి చేయుట యను చక్కని మాట కలదు. తంత్రిని తెగువరకు బిగించుట శ్రుతి కాదని తంబురా చూచిన ప్రతివానికి తెలియును. ఈ మాట ముందే తెలిసియున్నచో ఆ బిడ్డ మూడు నెలల సొమ్ము నిలిచెడిది.

కొలత నేర్చినవారు ఏమి చేయగలరో చూపుటకు ఒక ఉదాహరణము. ఇంజనీరింగు విద్యార్థులు స్వయముగా చిన్న రేసు కార్లను నిర్మించు ఫార్ములా స్టూడెంట్ అను అంతర్జాతీయ పోటీ కలదు. పెట్రోలు ఇంజను పీల్చు గాలి యంతయు 20 మిల్లీమీటర్ల వ్యాసము గల ఒక్క రంధ్రముగుండనే పోవలయునని దాని నియమము. ద్వారమును పెంచుటకు వీలులేదు. అంత ఇరుకైన రంధ్రమునుండియే గొట్టముల ఆకృతిని, పెట్రోలు పాలును, నిప్పురవ్వ పుట్టు సమయమును సవరించి, డైనమోమీటరుపై కొలిచి, బలమును సాధింపవలయును. మన దేశమున ఫార్ములా భారత్ అను ఇట్టి పోటీ కోయంబత్తూరు సమీపమునందలి కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగినది. ఇంజనును మార్చుటకు తగిన తావు అట్టి పందెపు బాటయు ప్రయోగశాలయు. కళ్యాణ్ నాకా రద్దీ కాదు.

కావున మా అభిప్రాయము ఇది. పిల్లల చేతులను కట్టివేయవలదు; ఆ చేతులకు కొలబద్ద నీయవలెను. మన పాఠశాల ప్రయోగశాలలో తిరుగని పాత ఇంజను నొకదానిని, కోసి చూపిన థ్రాటిల్ బాడీ నొకదానిని ఉంచుట గొప్ప వ్యయముతో కూడిన పని కాదు. ఇనుపసామాను అంగళ్లలో అవి దొరకును. ఒక్కొక్క భాగమునకు తెలుగున వివరణము వ్రాసి, వాడుకలోనున్న ఆంగ్లనామమును గూడ తెలుగు లిపిలో చేర్చినచో పిల్లలు దుకాణమునకు పోయినప్పుడు మాటకు తడబడరు. మన కార్ఖానాల జాబర్లను ఏడాదికి ఒకమారైనను తరగతి గదికి పిలిచి మాట్లాడింపవలెను. పదవ తరగతి పిమ్మట ఐ.టి.ఐ.లలో మెకానిక్ మోటార్ వెహికల్ అను రెండేండ్ల శిక్షణ గలదని ప్రతి తలిదండ్రులకు తెలుపవలెను. తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డకు మగ్గము, లేనిచో గ్యారేజి యను మాట ఇక వినబడరాదు. గ్యారేజికి పోయినను శాస్త్రము తెలిసి పోవలెను.

ఆ యువకుడు తరువాత పాత వడపోతను, పాత సైలెన్సరును తిరిగి బిగించెను. పెట్టెను తీసివేసి, క్రొత్త ప్లగ్గు వేసెను. "సార్, ఇప్పుడు వంతెన మంచిగనే ఎక్కుతున్నది" అని చెప్పెను. వడపోతను శుభ్రము చేయుటయే అతడు మొదట చేయవలసిన పని యై యుండెనని ఇద్దరమును నవ్వుకొంటిమి. ఆ పెట్టె మాత్రము ఇప్పుడు మా బల్లపై నున్నది. విద్యార్థులారా, దానిని విప్పి చూడగోరువారు రండు. కాని వచ్చునప్పుడు పైన చెప్పిన లెక్కను 150 ఘనసెంటీమీటర్ల ఇంజనునకు వేసికొని రండు.